మనకు తెలిసిన అమెరికా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి పోయిన నెల ఫోన్ చేసి, "నువ్వు ముప్పై ఏండ్ల సంది అమెరికా కంపెనీలకు పనిచేస్తున్నవు, కొన్నేండ్లు అక్కడ ఉండి వచ్చినవు, ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. "దేని గురించి?" అంటే, "అమెరికా గురించే. పదో తరగతి లెక్కలు చెప్తవా ఏంది?" అన్నాడు. లెక్కల సారు ముందు వరుసలోనే ఉన్నారు కాబట్టి ఆ సాహసం చేయను. కానీ అమెరికా గురించి ఈ సభకు నేను చెప్పేదేముంది? మీలో చాలామంది ఇళ్లలో ఒకరో ఇద్దరో అక్కడే ఉన్నారు. తెల్లారి లేస్తే వీడియో కాల్. అందుకే అమెరికా ఎలా ఉంటుందో చెప్పను. అమెరికా మనకు ఎంత అర్థమైంది, ఎక్కడ అర్థం కావడం లేదు అన్నది మాట్లాడతాను.

ముందు మన ఊరి మాట. రాయదుర్గం అంటే ఇప్పటికీ కొందరు అనంతపురం జిల్లా రాయదుర్గం అనుకుంటారు. నేను ఇంజనీరింగ్ హాస్టల్లో చేరిన కొత్తలో "బళ్లారి పక్కనా?" అని అడిగేవారు. "కాదన్నా, గోల్కొండ దాటినాక" అనేవాణ్ణి. గుట్టలు, సీతాఫలం చెట్లు, మేకలు, అవతల దుర్గం చెరువు. ఇంతకు మించి గుర్తు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2000 మార్చిలో క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చి మాట్లాడి పోయారు. 2019 నవంబరు 29న మెట్రో మన దాకా వచ్చింది. మొన్న 2025 అక్టోబరు వేలంలో ఇక్కడ ఎకరం 177 కోట్లు పలికింది. ఆ ధర మన మట్టి సారానిది కాదు, ఆ భూమి మీద లేచే అంతస్తుల్లో కిరాయికి ఉండే కంపెనీలది. వాటిలో సగానికి సగం అమెరికాకు పనిచేసేవే. అంటే మనకు కూడు పెడుతున్న దేశం అది. దాన్ని అర్థం చేసుకోవడం మనకు కాలక్షేపం కాదు, అవసరం.

ఆ అవసరం వల్లనే మన వీధికి తెలిసిన అమెరికా తక్కువదేమీ కాదు. మెట్రో స్టేషన్ కింద టీ కొట్టు నడిపే మన బడి తమ్ముణ్ణి అడగండి. నవంబరులో నాలుగో గురువారం తన గిరాకీ పడిపోతుందని చెప్తాడు. ఆ రోజు థాంక్స్ గివింగ్. శుక్రవారం కూడా అంతే. పాలు తక్కువ తెప్పించుకుంటాడు. నా క్లాస్‌మేట్ ఒకడు ఇరవై ఏళ్లుగా రాత్రి షిఫ్టులకు క్యాబ్ నడుపుతున్నాడు. మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం అక్కడ గడియారం మారుస్తారని, మనకూ న్యూయార్క్‌కూ తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నరకు పోతుందని వాడికి నోటికి వచ్చు. "అరిజోనా వాళ్లు మార్చరు, ఆ టీమ్‌ను వేరే బండిలో ఎక్కించాలె" అని కూడా చెప్తాడు. నేను పనిచేసిన అమెరికన్లలో అరిజోనా సంగతి తెలియనివాళ్లు ఉన్నారు.

ఇక మెడికల్ బిల్లింగ్ చేసే మన చెల్లెళ్లు. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, ఇక్కడ రాత్రంతా అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్లు చేస్తుంటారు. ఏ క్లెయిము ఎందుకు తిరగ్గొట్టారు, డిడక్టిబుల్ ఎంత, కో-పే ఎంత, ముందస్తు అనుమతి లేని స్కాన్‌కు డబ్బు ఎవరు కట్టాలి, అన్నీ వాళ్లకు తెలుసు. ఒక్కసారి కూడా విమానం ఎక్కని అమ్మాయికి ఓక్లహోమా ముసలాయన మోకాలి ఆపరేషన్ బిల్లు వరుస వరుసా తెలుసు. ఆ దేశపు మనిషి తన బిల్లును తాను అంతగా చదవలేడు. ఒక చెల్లెలు నాతో అన్న మాట: "అన్నా, వాళ్లకు జబ్బు కన్నా బిల్లంటేనే ఎక్కువ భయం." ఆ దేశపు ఎన్నికల్లో వైద్యం ఎందుకంత గొడవ అవుతుందో పెద్ద పుస్తకాలు చదివిన నాకు ఆ ఒక్క ముక్కతో బాగా తెలిసింది.

ఎన్నికల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2024 నవంబరు 6 పొద్దున మా ఆఫీసు క్యాంటీన్లో టీవీ ముందు ఇడ్లీలు చల్లారిపోయాయి. 538 ఓట్లలో 270 ఎట్లా వస్తాయో, పెన్సిల్వేనియాలో ఏ కౌంటీ లెక్క ఇంకా రావాలో కుర్రాళ్లు వేళ్ల మీద చెప్తున్నారు. అదే కుర్రాళ్లున్న ఈ నగరంలో 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో సగం మంది కూడా ఓటు వేయలేదు. ఇది పక్క మాట. కానీ ఇక్కడ అనకుంటే ఎక్కడ అంటాను?

మరి ఇంత తెలిసినప్పుడు లోటు ఎక్కడుంది? దాని కోసం ఒకసారి కెనడా దాకా పోయి రావాలి.

నేను ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊళ్లో మూడేళ్లు ఉన్నాను, 2010 నుంచి 2013 దాకా. మా ప్రాజెక్టులో ఒక కెనడా ఇంజనీరు ఉండేవాడు. అతనిది విండ్సర్. నది ఇవతల విండ్సర్, అవతల అమెరికా వాళ్ల డెట్రాయిట్. చిన్నప్పటి నుంచి డెట్రాయిట్ టీవీ చూస్తూ పెరిగాడు. అమెరికా ఎన్నికల ప్రకటనలు, ఆటలు, అక్కడి మేయర్ల కుంభకోణాలు అన్నీ తెలుసు. గోడ అవతలి ఇంట్లో కొట్లాట వింటూ పెరిగిన పిల్లవాడికి ఆ ఇంటి సంగతులు ఎట్లా తెలుస్తాయో అట్లా. కెనడా ప్రధానిగా ఉన్నప్పుడు పియరీ ట్రూడో 1969లో వాషింగ్టన్‌లోనే చెప్పాడు, మీ పక్కన ఉండడం ఏనుగు పక్కన పడుకోవడం లాంటిదని. ఏనుగు ఎంత మంచిదైనా అది కదిలితే పక్కనున్నవాడికి తెలుస్తుంది కదా. కానీ పక్కన ఎవరు పడుకున్నారో ఏనుగు పట్టించుకోదు. రిక్ మెర్సర్ అనే కెనడా హాస్యనటుడు 2000 ఎన్నికల ప్రచారంలో జార్జి బుష్ దగ్గరికి విలేకరిలా పోయి, కెనడా ప్రధాని జాన్ పూటీన్ మీకు మద్దతు ఇచ్చారని చెప్పాడు. అప్పటి ప్రధాని జాన్ క్రెటియన్. పూటీన్ అంటే వాళ్లు ఆలుగడ్డ వేపుళ్ల మీద జున్ను, గ్రేవీ పోసుకు తినే తిండి. బుష్ గారు తేడా పట్టుకోకుండా సంతోషించారు.

అంత దగ్గరి నుంచి చూసే కెనడా వాళ్లు కూడా 2025లో ఉలిక్కిపడ్డారు. మీరు మా 51వ రాష్ట్రం కావచ్చు కదా అని ట్రంప్ అనడం, సరుకుల మీద సుంకాలు వేయడం చూసి, మేమేం చేశామని అడిగారు. మార్చిలో ఒంటారియో మద్యం దుకాణాల నుంచి అమెరికా సీసాలు తీసేశారు. విండ్సర్ మిత్రుడికి ఫోన్ చేస్తే, "వాళ్ల గురించి మాకు అంతా తెలుసు అనుకున్నాం. వాళ్ల ఆలోచనల్లో మేం లేమని మాత్రం తెలియలేదు" అన్నాడు.

ఈ మాట మీరు గుర్తు పెట్టుకోవాలి. లోటు అక్కడే ఉంది. అమెరికా వల్ల మనకు మేలు జరిగితే మన మీద ప్రేమ అనుకుంటాం. కీడు జరిగితే పగ అనుకుంటాం. చాలాసార్లు రెండూ కాదు. వాళ్ల ఇంటి తగాదా ఏదో వాళ్లు తీర్చుకుంటుంటారు. దాని కొస వచ్చి మనకు తగులుతుంది.

ఇక్కడున్న పెద్దవాళ్లకు బడిలో పెట్టిన ఉప్మా యాదికి ఉంటుంది. కేర్ సంస్థ పేరుతో వచ్చే గోధుమ రవ్వ, పాలపొడి, నూనె డబ్బాలు. డబ్బా మీద రెండు చేతులు కలిసిన బొమ్మ. కొందరు సార్లు అది అమెరికా వాళ్ల దయ అనేవారు. ఇంకొందరు, ఎర్రజెండా అభిమానులు, అది సామ్రాజ్యవాదుల ఎత్తుగడ అనేవారు. ఉప్మా తినేవాళ్లం మనం, వాదించేవాళ్లు వాళ్లు. అసలు కథ ఏమిటంటే, 1954లో ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన పీఎల్-480 చట్టం. అప్పటికి అక్కడి రైతులు పండించిన గోధుమ గోదాముల్లో పట్టడం లేదు. ధర పడిపోతే వ్యవసాయ రాష్ట్రాల సెనేటర్లకు ఓట్లు రావు. మిగులు సరుకు బయటికి పంపాలి. దయ కూడా ఉంది, ఎత్తుగడ కూడా ఉంది, కాదనను. కానీ ఆ బండిని ముందు లాగిన ఎద్దు కాన్సాస్ రైతు. మన ఆకలి కన్నా వాళ్ల గోదాము ముందు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. 1965 తరువాత కరువు రోజుల్లో అధ్యక్షుడు జాన్సన్ గోధుమ ఓడలను నెలనెలా బిగబట్టి వదిలాడు. వియత్నాం యుద్ధాన్ని మన దేశం విమర్శించడం ఆయనకు కోపం. అప్పుడు మాత్రం మనం వాళ్ల మనసులో బాగానే ఉన్నాం. హరిత విప్లవానికి మనవాళ్లు తొందరపడడంలో ఆ అవమానం పాత్ర ఉంది. కాబట్టి ఎప్పుడూ మన గురించి ఆలోచించరని నేను అనడం లేదు. ఏది మన గురించో, ఏది కాదో వేరు చేసి చూడాలంటున్నాను. ఆ చేతుల బొమ్మ గుర్తుగా పెట్టుకున్న యూఎస్ ఎయిడ్ సంస్థను 2025 జూలైలో మూసేశారు. అది కూడా ఆఫ్రికా మీదో ఆసియా మీదో కోపంతో కాదు. ప్రభుత్వ ఖర్చు మీద వాళ్లలో వాళ్లకు ఎప్పటి నుంచో ఉన్న పోరు.

అదే జాన్సన్ 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ నీడలో ఇంకో చట్టం మీద సంతకం చేశాడు. మన పిల్లలందరూ అక్కడికి పోయే దారి ఆ చట్టమే తెరిచింది. అంతకు ముందు మన దేశం నుంచి పోయి స్థిరపడడానికి ఏడాదికి ఇచ్చిన కోటా వంద మందికి. నూరు! మన ఒక్క బడి పూర్వ విద్యార్థులు అంతకు మించి ఉన్నారు అక్కడ. మరి ఆ చట్టం మన మీద ప్రేమతో చేశారా? నల్లజాతి వాళ్ల హక్కుల పోరాటం ఉధృతంగా ఉన్న కాలం అది. పుట్టిన దేశాన్ని బట్టి మనిషిని ఎంచే పాత పద్ధతి వాళ్లకే సిగ్గు అనిపించింది. ఇటలీ, గ్రీసు, పోలండ్ నుంచి వచ్చినవాళ్ల ఓట్లు కావాలి, వాళ్ల బంధువులను రానివ్వాలి. సభలో చర్చంతా యూరప్ మీదే. ఆసియా నుంచి మొదటి ఏడు ఓ అయిదు వేల మంది వస్తారు, ఆ తరువాత దాదాపు ఆగిపోతుందని అటార్నీ జనరల్‌గా ఉన్న రాబర్ట్ కెనెడీ 1964లో అంచనా చెప్పాడు. మనం లెక్కలోనే లేము. లెక్కలో లేకపోవడమే మనకు కలిసొచ్చింది.

అదే లెక్కలేనితనం ఇప్పుడు అడ్డం తిరిగింది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదని నియమం. ఐస్‌లాండ్‌కూ అంతే, ఇండియాకూ అంతే. అన్ని దేశాలూ సమానం అనే మంచి మాటతోనే పెట్టారు. కానీ ఐస్‌లాండ్ జనాభా మన శేరిలింగంపల్లి వాళ్లను గుమిగూర్చితే సరిపోయేంత. దాని ఫలితంగా మన పిల్లలు దశాబ్దాల తరబడి వరుసలో నిలబడ్డారు. "మనవాళ్లు తెలివైనవాళ్లని ఓర్వలేక పెట్టిండ్రు" అని పెళ్లిళ్లలో అంటుంటారు. ఓర్వలేనితనం కూడా కాదండీ. ఈ చివరి వరుసలో ఎంతమంది నిలబడ్డారో చాలామంది అమెరికన్లకు తెలియనే తెలియదు. డేటన్‌లో మా పక్కింటాయన, మంచి చదువరి, నేను ఈ సంగతి చెప్తే నమ్మలేదు. "నువ్వు అర్జీ పెడితే సిటిజన్‌వి అవుతావు కదా?" అన్నాడు.

ఆయన గురించి కాస్త చెప్తాను. అమెరికా రాజకీయం నాకు తెలిసినంతలో తెలిసింది ఆయన ఇంటి వరండాలోనే.

డేటన్ రైట్ సోదరుల ఊరు. విమానం అక్కడి సైకిల్ షాపులో పుట్టింది. పక్కనే మొరైన్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ. 2008 డిసెంబరులో, క్రిస్మస్ రెండు రోజులుందనగా, ఆఖరి బండి తయారుచేసి మూసేశారు. ఆ మరుసటి ఏడు, నూటపాతికేళ్లుగా ఆ ఊళ్లో ఉన్న ఎన్‌సీఆర్ కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని జార్జియాకు తరలిస్తున్నామని ప్రకటించింది. మా పక్కింటాయన ఆ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసి దిగినవాడు. ఆయన కొడుకు కూడా అక్కడే చేసేవాడు, తరువాత ఓ గోదాములో సగం జీతానికి చేరాడు. నేను అక్కడికి పోయిన కొద్ది వారాలకు, 2010 ఆగస్టులో, ఒహాయో గవర్నర్ టెడ్ స్ట్రిక్‌లాండ్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. రాష్ట్ర ప్రభుత్వ పనులేవీ విదేశాలకు పంపకూడదని. మన హైదరాబాద్‌లో గోల గోల. పేపర్లలో పెద్ద శీర్షికలు. ఇక్కడి నుంచి మా మేనేజరు రోజూ ఫోన్: "మనమంటే వాళ్లకు ఎందుకింత మంట?" వాళ్లకు మన మీద మంట లేదు. ఆ నవంబరులో గవర్నర్‌కు ఎన్నిక. మూతపడ్డ ఫ్యాక్టరీల ఊళ్లలో ఓట్లు అడగాలి. అంతే. ఉత్తర్వు ఇచ్చినా ఆయన ఓడిపోయాడు.

గమనించండి, స్ట్రిక్‌లాండ్ డెమొక్రాట్. మనవాళ్లు డెమొక్రాట్లు మనకు దగ్గర, రిపబ్లికన్లు దూరం అని ఒక లెక్క పెట్టుకున్నారు. కార్మిక సంఘాలు డెమొక్రాట్ల వెనక ఉన్నాయన్నది ఆ లెక్కలో పెట్టలేదు. బఫెలోలో ఉద్యోగం ఇచ్చేవాడి కన్నా బెంగళూరులో ఇచ్చేవాడికి పన్ను తక్కువ పడుతోందని 2009లో తప్పుపట్టింది మనం ఎంతో మెచ్చిన ఒబామాయే. హెచ్-1బీ వీసాల సంఖ్యను 65 వేల నుంచి పెంచి 2001 నుంచి మూడేళ్ల పాటు 1,95,000 చేసినప్పుడు రెండు పార్టీలూ కలిసే చేశాయి. వైటూకే రోజులు, కంపెనీలకు మనుషులు కావాలి. 2004లో మళ్లీ 65 వేలకు దిగింది. 2025 జనవరిలో ఆ వీసాలను తప్పుపట్టిన సెనేటర్లలో వామపక్షపు బెర్నీ శాండర్స్ ఉన్నాడు. అటు ట్రంప్ మనుషుల్లోనే వ్యాపారవేత్తలు ఒకవైపు, పాత అనుచరులు ఇంకోవైపు కొట్టుకున్నారు.

మా పక్కింటాయన 2012లో ఒబామాకు ఓటేశాడు, 2016లో ట్రంప్‌కు వేశాడు. 2012లో ఒబామాను గెలిపించిన ఒహాయో రాష్ట్రమే 2016లో ట్రంప్‌ను గెలిపించింది. నేను ఇక్కడి నుంచి ఫోన్ చేసి కారణం అడిగితే, ఒకే కారణం చెప్పాడు, "రెండుసార్లూ ఊరు మారాలనే వేశాను." వలసల గురించి ఒక్క ముక్క అనలేదు. ఆయన మనసులో ఉన్నది మూసేసిన గేటు. నన్ను మాత్రం ప్రతి థాంక్స్ గివింగ్‌కు ఇంటికి పిలిచేవాడు. మాంసం ముట్టనని తెలిసి ఆయన భార్య నాకోసం మక్కబుట్టలు ఉడికించేది.

ఇంకొకటి చూశాను అక్కడ. ఇది సార్లకు, టీచర్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఒహాయోలో బడి ఖర్చులో పెద్ద భాగం ఇంటి పన్ను నుంచి వస్తుంది. ఆ పన్ను పెంచాలంటే ఆ బడి పరిధిలోని జనం ఓటు వేయాలి. దాన్ని లెవీ అంటారు. అధ్యక్షుడి ఎన్నికకు ఎన్ని బోర్డులు ఇళ్ల ముందు పాతుతారో, బడి లెవీకి అంతకు తక్కువేం కాదు. ఒకింట్లో "అవును" బోర్డు, పక్కింట్లో "వద్దు" బోర్డు. పిల్లలు పెద్దవాళ్లైపోయిన ముసలివాళ్లు పింఛను మీద బతుకుతూ పన్ను ఎక్కడి నుంచి కట్టేదంటారు. చిన్నపిల్లల తల్లులు ఇంటింటికీ తిరిగి బతిమాలుతారు. లెవీ ఓడితే బడి బస్సులు ఆగిపోతాయి, సంగీతం క్లాసు పోతుంది, టీచర్ల ఉద్యోగాలు పోతాయి. ధనిక వాడలో బడి ఒక తీరు, పేద వాడలో ఒక తీరు. ఈ పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే 1997లో చెప్పింది. మన ప్రహరీ గోడకు సంఘం చందాలు అడిగినప్పుడు ఇక్కడ జరిగిన వాదులాటలన్నీ నాకు అక్కడ ఇంగ్లీషులో వినిపించాయి.

అమెరికా అంటే వాళ్లకు ముందు ఇది. బడి బోర్డు, కౌంటీ, షెరీఫ్, చెత్తబండి. వైట్‌హౌస్ ఆ తరువాత. మనం పై నుంచి చూస్తాం. మనకు వైట్‌హౌస్ ఒక్కటే కనిపిస్తుంది, అందులోనూ వీసా కిటికీ ఒక్కటే.

మరో అలవాటు కూడా ఉంది మనకు, మనవాళ్లను వెతకడం. 2024లో పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో ఉషా వాన్స్ కోసం పూజలు చేశారు. పూర్వీకుల ఊరు కదా, సంతోషించడంలో తప్పు లేదు. కానీ ఆమె పుట్టి పెరిగింది శాన్ డియాగోలో. ఆమె భర్త సెనేటర్‌గా ఉన్నది ఒహాయోకు, ఆ మూసేసిన గేట్ల రాష్ట్రానికి. ఆయన ఆ గేట్ల మాటే మాట్లాడతాడు, వడ్లూరు మాట కాదు. మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ మన హైదరాబాద్‌లో పుట్టి, ఏడేళ్ల వయసులో వెళ్లారు. ఆమె నాలాంటి ఇంజనీరే. ఒక కౌంటీ రవాణా శాఖలో సుమారు పాతికేళ్లు పనిచేశారు. మన టీవీలు తెలుగింటి ఆడబిడ్డ అన్నాయి. అక్కడివాళ్లు ఓటు వేసింది తమ రాష్ట్రం మనిషికి. ఈ రెండూ ఒక్కటి కావు.

పెద్దవాళ్లకు స్కైలాబ్ గుర్తుందా? 1979 జూలై. నాకు తొమ్మిదేళ్లు. అమెరికా వాళ్ల అంతరిక్ష నౌక మన మీదే పడుతుందని తెలంగాణ ఊళ్లలో కోళ్లు, మేకలు కోసుకుని తినేశారు, ఎట్లాగూ పోతాం కదా అని. మా తాత రెండు మేకపోతులను ఆ వారంలోనే ఖతం చేశాడు. చివరికి అది ఆస్ట్రేలియాలో పడింది. ఎస్పరెన్స్ అనే ఊరి పాలకమండలి, మా ఊళ్లో చెత్త వేసినందుకు నాలుగు వందల డాలర్ల జరిమానా కట్టాలని నాసాకు చీటీ రాసింది. నవ్వులాటకే రాశారు. కానీ చూడండి తేడా. మనం మేకలు కోసుకున్నాం, వాళ్లు చీటీ రాశారు.

2025 సెప్టెంబరు 19న లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చినప్పుడు రాయదుర్గంలో మళ్లీ ఆ మేకల వారమే చూశాను. శనివారం పొద్దున అందరి ఫోన్లూ మోగుతున్నాయి. సెలవు మీద వచ్చిన పిల్లలు టికెట్ ఎంతైనా సరే అని శంషాబాద్ పరుగెత్తారు. ఒకరోజు తిరగక ముందే, ఇది కొత్తగా పెట్టే అర్జీలకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదని వివరణ వచ్చింది. ఆగస్టులో మన సరుకుల మీద వేసిన సుంకాల సంగతి వేరు. అందులో రష్యా చమురు పేరు చెప్పి మన మీదే గురిపెట్టారు. ఈ ఫీజు అట్లా కాదు. కానీ మనవాళ్లు రెండూ కలిపి ఒకే పగ అనుకున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన సంఘంలో ఈ ఏడు కనీసం పది ఇళ్లలో పిల్లలను ఎమ్మెస్‌కు పంపే ఆలోచన ఉంది. 2023-24లో అక్కడ చదివే మన దేశపు విద్యార్థులు 3 లక్షల 31 వేలు దాటి, చైనాను మించిపోయారు. ఒక తమ్ముడు, తాత నుంచి వచ్చిన ఆఖరి రెండొందల గజాలు అమ్మడానికి బయానా తీసుకుని, నన్ను పెళ్లిలో పట్టుకుని అడిగాడు: "అన్నా, ట్రంప్ దిగిపోతే అంతా సరి అయితదా?" రెండొందల గజాలు ఆ ఒక్క ప్రశ్న మీద ఆనుకుని ఉన్నాయి.

ఆ తమ్ముడికి చెప్పిందే మీకూ చెప్తాను. మనకు చట్టం వేరు, జీవో వేరు అని బాగా తెలుసు. ఈ ఊళ్లో భూమి ఉన్న ఎవరికైనా జీవో నంబర్లు నోటికి వస్తాయి. అమెరికాను కూడా అట్లాగే చదవండి. హెచ్-1బీ 65 వేలు, పైన మాస్టర్స్ వాళ్లకు 20 వేలు, దేశానికి ఏడు శాతం, ఇవి చట్టం. వీటిని ఏ అధ్యక్షుడూ ఒంటరిగా పెంచలేడు, తగ్గించలేడు. ట్రంప్ దిగినా అవి అక్కడే ఉంటాయి. చదువు అయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ ఒక ఏడు, ఇంజనీరింగ్, సైన్సు వాళ్లకు ఇంకో రెండేళ్లు, ఇది జీవో లాంటిది. రాసినవాళ్లు మార్చుకోవచ్చు. లక్ష డాలర్లు ప్రకటన. దాని మీద అక్కడ కోర్టుల్లో కేసులు పడ్డాయి. మీ అప్పు ఈ మూడింటిలో దేని మీద ఆధారపడి ఉందో ముందు చూసుకోండి. మూడేళ్ల ఓపీటీ జీతంతోనే తీరేలా అప్పు లెక్క వేసి ఉంటే, మీరు చట్టం మీద కాదు, జీవో మీద ఇల్లు కట్టారు. ట్రంప్ మంచివాడా చెడ్డవాడా అన్నది మీ కిస్తీ కట్టదు.

ఆ తమ్ముడు వంద గజాలు ఉంచుకుని వంద అమ్మాడు. పిల్లవాడు ఫీజు తక్కువున్న ప్రభుత్వ యూనివర్సిటీకి మారాడు. అది వాళ్ల నిర్ణయం, నాది కాదు.

కార్యదర్శితో మాట్లాడాను. వచ్చే నెల నుంచి ప్రతి రెండో శనివారం సాయంత్రం అయిదు గంటలకు మన బడి లైబ్రరీ గదిలో కూర్చుంటాను. పిల్లలను పంపేవాళ్లు ఐ-20, బ్యాంకు అప్పు కాగితాలు, యూనివర్సిటీ ఫీజుల పట్టిక పట్టుకుని రండి. మెడికల్ బిల్లింగ్ చేసే ఇద్దరు చెల్లెళ్లు, అక్కడ పిల్లలకు ఇన్సూరెన్స్ ఏది తీసుకోవాలో చెప్పడానికి వస్తామన్నారు. టీ మెట్రో కింద తమ్ముడి కొట్టు నుంచి వస్తుంది. నవంబరు నాలుగో వారం మాత్రం పాలు తక్కువ తెప్పిస్తాడు, ముందే చెప్పి రండి.